జాలి పంపు

ఏప్రిల్ 6

కత్తెరకు,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలకు మూడే తప్పులు. మెరుగయ్యావు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. తింటున్నాను. నిద్రపోతున్నాను. చొక్కాలకు గుండీలు ఉన్నాయి. ఫోన్ పాడవలేదు, నేనే తీసేయించాను. మీ అక్క పోయాక రెండు నెలలు అది మోగుతూనే ఉంది. ఎత్తితే అవతల ఏడుపు. ఏడ్చేవాళ్లను నేనే ఊరుకోబెట్టాల్సి వచ్చేది. ఇక ఉత్తరాలే. ఉత్తరం రాసేవాడు పంపే ముందు కనీసం ఒకసారి చదువుకుంటాడు.

నీ దగ్గరికి వచ్చి ఉండను. కుట్టుమిషన్ల గదికీ వంటగదికీ మధ్య మంచం వేస్తానన్నావు. నీ మంచితనం. కాని నాకు ఇల్లుంది.

కొలను పూడ్పించను. నువ్వూ మీ పెద్దన్నయ్యా దాన్ని గుంట అనడం మానండి. మీ అక్క దగ్గరుండి తవ్వించింది, గట్టు కట్టించింది, పదకొండేళ్లు చూసుకుంది. పంపు అడుగున కూర్చుని నీళ్లు లాగి రాళ్ల మీదుగా మళ్లీ కొలనులోకే పోస్తుంది. అది ఆగితే ఈ ఎండలకు చేపలకు ఊపిరాడదు. నడిస్తే వేరే గొడవ. పిల్లలు పుట్టాయి. ఒక్కొక్కటి జీలకర్ర గింజంత. రోజూ పొద్దున్నే పంపు మూత విప్పి చూడాల్సి వస్తోంది. చూడడం కష్టంగా ఉంది.

ప్రెస్సులో నా స్థానంలో చేరిన ప్రూఫ్‌రీడరు ‘సంతాప సభ’ను ‘సంతాన సభ’గా వదిలేశాడట. సభకు వచ్చినవాళ్లలో ఇద్దరు మిఠాయి పొట్లాలతో వచ్చారట. యజమాని నన్ను మళ్లీ రమ్మంటున్నాడు. ఇంటికి పంపితే చూస్తానన్నాను.

చివరగా ఒక్క మాట. ఎవరినీ ఏదీ అడగని మనిషినని నువ్వే అంటుంటావు. అడుగుతున్నాను. నాకు జాలి కావాలి. ఈ ఊరంతా తిరిగాను. కొందరి దగ్గర లేదు, ఉన్నవాళ్ల దగ్గర నాసిరకం. నీ దగ్గరైతే మంచిది దొరుకుతుందని మీ అక్క ఎప్పుడో అంది. ఆలస్యం చేయక జాలి పంపు.

మీ బావ


ఏప్రిల్ 10

ఎర్రసిరా బావగారికి,

మీ కత్తెర నమస్కారాలు. ఈ ఉత్తరంలో ఎన్ని తప్పులున్నా ఈ ఒక్కసారికి వదిలెయ్యండి.

మీ ఉత్తరం కొట్లో చదివాను. చివరి పేరా దగ్గర మిషన్ ఆపేశాను. పక్క బల్ల మీద కాజాలు కుట్టే ఆవిడ "ఏమైంది తల్లీ, వేల్లో సూది దిగిందా?" అంటూ పరిగెత్తుకొచ్చింది. దిగింది బావగారూ, కాకపోతే వేల్లో కాదు. ఎవరిదో కొత్త కోటు, ఒళ్లో పెట్టుకునే ఏడ్చాను. మరక పోయేదాకా ఫ్యాను కింద ఆరబెట్టి, మధ్యాహ్నం రమ్మన్న మనిషిని సాయంత్రం రమ్మన్నాను.

అక్క పోయిన రోజు కూడా మీరు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. వచ్చినవాళ్లందరికీ కుర్చీలేసి, మంచినీళ్లిచ్చి, "మీ బస్సుకి టైమవుతోంది" అని పంపేశారు. వీధిలోవాళ్లు రాతిమనిషి అన్నారు. నేనూ లోపల అనుకున్నాను. ఇప్పుడు లెంపలేసుకుంటున్నాను.

నిజం చెప్పాలంటే ముందు అనుమానపడ్డాను. ఇది బావగారు రాసిన మాటేనా, ఇంకేదో రాయబోయి ఇది రాశారా అని. కాని మీరు తప్పు రాయరు కదా! నా ఉత్తరాలన్నీ ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపిన మనిషి. నా పెళ్లి శుభలేఖ అచ్చయి ఊరంతా పంచాక అందులో దీర్ఘం తప్పని పట్టుకున్న మనిషి. మీరు జాలి అని రాస్తే అది జాలే.

ఆ పేరా పెద్దన్నయ్యకి ఫోన్లో చదివి వినిపించాను. ఆయన సైటులో ఉన్నాడు, వెనకాల కాంక్రీటు మిషన్ తిరుగుతోంది. "ఇంకా ఆలోచించేదేముందే? ఆ గుంటే బావని పట్టుకు కూర్చుంది" అన్నాడు. నాదీ అదే మాట. కోపం తెచ్చుకోకండి. చలికాలం పొద్దున్నే మోచేతుల దాకా ఆ నీళ్లలో పెట్టుకుని కూర్చునేది అక్క. ఊపిరితిత్తులు బాగాలేవని డాక్టరు చెప్పినా వినలేదు. ఆ గుంటే దాన్ని మింగింది. ఇప్పుడు మిమ్మల్ని మింగుతోంది.

అందుకని పెద్దన్నయ్య సైటు నుంచి మట్టి లారీ పంపుతున్నాడు. ఇరవయ్యో తారీఖు పొద్దున. మీరేమీ చెయ్యక్కర్లేదు, గేటు తీసి ఉంచితే చాలు. మర్నాడు నేనొచ్చి మిమ్మల్ని తీసుకొస్తాను. మంచం గోడవైపుకి జరిపాను. ట్యూబులైటు వెలుతురు మీ కళ్లలో పడకుండా అట్టముక్క కట్టాను.

జాలి ఎంత కావాలంటే అంత. నా దగ్గరుంది బావగారూ. ఇన్నాళ్లూ మీరు పుచ్చుకోలేదంతే.

మీ కత్తెర


ఏప్రిల్ 13

కత్తెరకు,

జాలీ. లకారానికి గుడి కాదు, గుడిదీర్ఘం. నైలాను దారంతో అల్లిన, సన్నని కన్నాలున్న గుడ్డ. మీ వీధి చివర వలల దుకాణంలో చుట్టలు చుట్టి పెడతారు. దాన్ని పంపు నోటికి కట్టాలి. కట్టకపోతే నీళ్లతో పాటు చేపపిల్లలు కూడా లోపలికి పోయి, తిరిగే రెక్కలో పడి చస్తాయి.

ఇక్కడి దుకాణాల్లో దోమతెర ఉంది. కట్టి చూశాను. అరగంటలో నాచు పట్టి మూసుకుపోయింది, పంపు వేడెక్కి ఆగింది. కిటికీలకు కొట్టే ఇనుప జాలీ ఉంది. అదీ చూశాను. వారంలో తుప్పు పట్టింది, దాని కన్నాల్లోంచి పిల్లలు దర్జాగా లోపలికి వెళ్తున్నాయి. ప్రస్తుతం ఒక పాత గుడ్డ కట్టి ఉంచాను. గంటకోసారి దాన్ని పిండాలి. అందుకే ఇల్లు వదిలి మీ ఊరు రాలేక నిన్ను అడిగాను.

ముప్పై నాలుగేళ్లు లోకుల దీర్ఘాలు దిద్దాను. నాది వదిలేశాను. ఆ తప్పు నాదే.

కాని ఆ తప్పును పట్టుకుని నువ్వూ మీ అన్నయ్యా కలిసి నా పెరటికి లారీ పంపడం మీ తప్పు. ఆపించు. గేటు తీయను. మంచం ఎక్కడిదక్కడికి జరుపుకో. రాతిమనిషి అన్నవాళ్లు సరిగ్గానే అన్నారు. నన్ను తలచుకుని ఎవరూ కోట్ల మీద ఏడవక్కర్లేదు. మళ్లీ అపార్థం రాకుండా స్పష్టంగా రాస్తున్నాను: నాకు ఎవరి జాలీ అక్కర్లేదు. నీ జాలీ అక్కర్లేదు, మీ అన్నయ్య జాలీ అక్కర్లేదు.

నీ శుభలేఖలో తప్పు దీర్ఘం కాదు. వత్తు.

మీ బావ


ఏప్రిల్ 17

బావగారికి,

మీకో దండం, మీ గుడిదీర్ఘానికో దండం.

మీ ఉత్తరం మొదటి పేరా చదవగానే నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. అంత ఏడుపూ ఒక గుడ్డముక్క కోసమా అని. చదువుతున్నదాన్ని అక్కడే ఆపి, కొట్టు కాజాలావిడకి అప్పజెప్పి, వలల దుకాణానికి పరిగెత్తాను.

"ఏ చేపలకమ్మా?" అన్నాడాయన.

"జీలకర్ర గింజంత చేపలకి."

"అంత చిన్నవాటిని పట్టుకుని ఏం చేస్తారు?"

"పట్టుకోడానికి కాదయ్యా, పట్టుబడకుండా ఉండడానికి."

ఆయన నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. "మా తాత నాటి నుంచి దుకాణం నడుపుతున్నాం, ఇలాంటి బేరం రాలేదమ్మా" అన్నాడు. రెండు మీటర్లు కోయించి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి కొలతల కోసం మిగతా ఉత్తరం చదివాను. కొలతలు లేవు. ఏముందయ్యా అంటే, నాకు ఎవరి జాలీ అక్కర్లేదు, నీ జాలీ అక్కర్లేదు, మీ అన్నయ్య జాలీ అక్కర్లేదు. మూడుసార్లు! గుడిదీర్ఘంతో! ఆ ముందు పేజీలోనే గుడిదీర్ఘం ఉంటే గుడ్డ, లేకపోతే దయ అని మీరే పాఠం చెప్పారు. కాజాలావిడకి చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివి, "వద్దనే రాశారమ్మా, గట్టిగా వద్దన్నారు" అంది. ఈలోగా అక్కడే ఎక్కడో దొరికింది కాబోలు, లారీ కోపం కొద్దీ నాది వద్దంటున్నారు కాబోలు అనుకుని, వెళ్లి తిరిగిచ్చేశాను. కోసిన ముక్క వెనక్కి తీసుకోనని ఆయన కాసేపు గొడవపడ్డాడు. చివరికి తీసుకున్నాడు గాని, ఇప్పుడు నేను ఆ దారిన పోతుంటే తల తిప్పుకుంటున్నాడు.

కావాలంటే కావాలనండి, వద్దంటే వద్దనండి బావగారూ. ఒకే ఉత్తరంలో రెండూ అంటే నాలాంటి తక్కువ చదువుకున్నది ఏమైపోవాలి?

ఇక లారీ. మీరు గేటు తియ్యరట అని పెద్దన్నయ్యకి చెప్పాను. "తియ్యకపోతే గోడ మీంచి పోయిస్తా" అన్నాడు. ఆయన మొండితనం మీకు తెలిసిందే, మీకు సరిజోడు. నేను ఆపలేదు. అబద్ధమెందుకు, ఆపాలని కూడా అనిపించలేదు. చేపలకేం, ఏ చెరువులో వదిలినా బతుకుతాయి. ఆ గుంట మాత్రం ఉండడం నాకిష్టం లేదు.

కత్తెర


ఏప్రిల్ 21

కత్తెరకు,

‘జాలి కూడా’ అనడానికి ‘జాలీ’ అన్నా చాలు. దయ కూడా అక్కర్లేదని రాశాను. వ్యాకరణంలో తప్పు లేదు, నా బుద్ధిలో ఉంది. ఇకపై నీకు రాసే వాక్యానికి ఒకే అర్థం ఉండేలా చూస్తాను.

లారీ నిన్న తొమ్మిదికి వచ్చింది. నేను గేటు లోపల కుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని ప్రూఫులు చూస్తున్నాను. డ్రైవరు దిగాడు. నా కంటే పొడుగు, నా కంటే మర్యాదస్తుడు.

"గుంట పూడ్చాలంట, ఎక్కడ సార్?"

"ఇక్కడ గుంట లేదు."

"కాంట్రాక్టరుగారు ఉందన్నారు సార్."

"ఆయన పెరటి వైపుకి వెళ్లి నాలుగేళ్లయింది. నువ్వు లోపలికి వచ్చి చూడు. నీ కంటికి గుంట కనిపిస్తే పెద్ద గేటు నేనే తీస్తాను."

చిన్న గేటులోంచి వంగి వచ్చాడు. గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. నీడ పడగానే మేత వేస్తారనుకుని పెద్ద చేపలు వచ్చాయి. వాటి వెనక పిల్లలు. అతను వేలు ముంచాడు. పిల్లలు వేలి చుట్టూ చేరి పొడిచి చూశాయి. వేలు తీయకుండానే ఎడమచేత్తో ఫోన్ తీశాడు.

"సార్, ఇక్కడ గుంట లేదు సార్... ఉంది, కాని ఖాళీగా లేదు. కాపురాలున్నాయి. చిన్నపిల్లలు కూడా... చేపలు సార్, చేపలు... నేను పొయ్యను. పోయాలంటే మీరొచ్చి పోసుకోండి."

మట్టి వీధి మలుపులో ఖాళీ స్థలంలో దింపి వెళ్లాడు. వెళ్లే ముందు పంపు వైపు చూపించి, "అది చిన్నవాటిని లాగేస్తున్నట్టుంది సార్, చూసుకోండి" అన్నాడు. చూసుకుంటున్నానని చెప్పాను.

సాయంత్రం మీ అన్నయ్యే వచ్చాడు. చెప్పులు విప్పకుండా పెరట్లోకి నడిచాడు. "మా చెల్లెల్ని చంపిన నీళ్లని పెంచుకుంటున్నావా బావా?" అని అరిచాడు. పక్కింటివాళ్లు మేడ మీద బట్టలు తీయడం ఆపి విన్నారు. "నేనుండగా ఇందులో ఒక్క తట్ట మట్టి పడదు" అని మాత్రం అన్నాను. అతని ప్రశ్నకు జవాబు చెప్పలేదు. నీకు చెప్తున్నాను.

మీ అక్క రోజూ నీళ్లలో చేతులు ఎందుకు పెట్టేదో ఇన్నాళ్లూ నాకు తెలియదు. సరదా అనుకున్నాను. మార్చిలో పంపు పైకి తీస్తే తెలిసింది. దాని నోటికి ఉండాల్సిన ప్లాస్టిక్ జల్లెడ పగిలి ఉంది. పాత పగులు. దాని మీద దారంతో కట్టిన గుడ్డ ఉంది. అంచు నీ కుట్టు. ఆ గుడ్డ నాచుతో, ఆకులతో తొందరగా మూసుకుపోతుంది. అందుకని పొద్దున్నే చేతులు ముంచి, దాన్ని పిండి, అతుక్కున్న పిల్లల్ని ఒక్కొక్కటిగా వేలితో విడదీసి వదిలేది. నేనిప్పుడు చేస్తున్నది అదే. గుడ్డ చీలికలయింది, నేను పక్కకు వెళ్లినప్పుడు సందుల్లోంచి లోపలికి పోతున్నాయి.

ఒక మంచి జాలీ ఉంటే ఆ పనే ఉండేది కాదు. ఆమె అడిగింది. ప్రెస్సు పని మీద మీ ఊరు బయల్దేరుతుంటే, "వలల దుకాణం చెల్లాయి వీధిలోనే ఉంది, జాలీ తెండి" అంది. మొదటిసారి మరిచిపోయాను. రెండోసారి అడిగినప్పుడు ప్రూఫుల్లోంచి తలెత్తకుండా ఊఁ అన్నాను. మూడోసారి గుర్తుంది. నీ ఇంటికి వచ్చి, బస్సుకు వేళయిందని ఆ దుకాణం ముందు నుంచే నడిచి వెళ్లిపోయాను. నాలుగోసారి ఆమె అడగలేదు.

మీ అన్నయ్యకు ఇది చెప్పలేదు. జాలీ ఇంకా కావాలి.

మీ బావ


ఏప్రిల్ 25

బావగారికి,

మూడుసార్లు అడిగిందా.

మూడు నెలల నుంచి నేను నీళ్లని తిడుతున్నాను. లారీ పంపించాను. నీళ్లేం చేశాయి? నా వీధిలో, నా గుమ్మం నుంచి పిలిస్తే వినపడేంత దూరంలో దొరికే వస్తువు. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మీరు నా ఇంట్లో టీ తాగారు. గోడ మీద క్యాలెండర్లో అచ్చుతప్పు చూపించి, "ఇలాంటివి ఎలా వదిలేస్తారో" అన్నారు. అది కనపడింది మీకు.

ఆ గుడ్డ నేనిచ్చిందే. దేనికే అంటే "ఊరికే" అంది. చెప్పి ఉంటే అదే రోజు తెచ్చిచ్చేదాన్ని. చెప్పలేదు. మీరు తెస్తారని.

జాలీ పంపను. జాలి కూడా లేదు. విడివిడిగా రాశాను, చూసుకోండి.

కత్తెర


ఏప్రిల్ 28

కత్తెరకు,

నీ ఉత్తరంలో తప్పుల్లేవు. అక్షరాల్లోనూ లేవు, విషయంలోనూ లేవు. దిద్దకుండా దాచుకున్నది ఇదొక్కటే.

డాక్టరును కలిశాను. ఆ జబ్బు నీళ్ల వల్ల వచ్చింది కాదు, నీళ్లు ముట్టకపోయినా ఆగేది కాదు అన్నాడు. ఆ మాట నేను వాడుకోను. నీళ్ల మీద నీకున్న కోపం తగ్గుతుందేమోనని రాస్తున్నాను. నా మీద కోపం తగ్గించుకోమనడం లేదు. ఆమె అడిగింది, నేను తేలేదు. నా వరకు సంగతి అంతే.

కాని తేనిది నేను. చేపలు కాదు. నిన్న ఆ గుడ్డ మీద నుంచి పదిహేడు పిల్లల్ని తీశాను. నాలుగు ఈదాయి. నన్ను శిక్షించాలంటే వేరే దారి చూడు. ఉన్నాయి.

మోటారు మెకానిక్‌ను పిలిపించాను. నేను గుడ్డ కట్టిన తీరు చూసి నవ్వాడు. "మాస్టారూ, మూతికి గుడ్డ బిగిస్తే పంపు ప్రాణం పోయినట్టు లాగుతుంది. పిల్లలొచ్చి దానికే అతుక్కుంటాయి. మూతికి కట్టకండి. చుట్టూ దూరంగా గుడారం వెయ్యండి" అన్నాడు. ఆలోచిస్తే సబబుగా ఉంది. పంపు లాగే నీళ్లు ఎప్పుడూ అంతే. చిన్న నోటి దగ్గర ఆ లాగుడంతా ఒకే చోట ఉంటుంది. అదే నీళ్లు పెద్ద సంచీ గోడలన్నిటి గుండా వస్తే ఏ కన్నం దగ్గరా లాగుడు తెలియదు. అప్పుడే పుట్టిన పిల్ల కూడా ఈది తప్పించుకుంటుంది. కన్నం చిన్నదైతే చాలదు, సంచీ పెద్దదవ్వాలి.

అంటే మీ అక్క అడిగింది తెచ్చి ఉన్నా సగమే పని చేసేది. దానికి కుట్టుపని కావాలి. నాకు రాదు. ఇక్కడ ముగ్గురు దర్జీలను అడిగాను. ఒకాయన టేపు తీసి "నడుం ఎంత సార్?" అన్నాడు. పంపుకు అన్నాను. టేపు మడిచి లోపల పెట్టుకున్నాడు.

కొలతలు. పొడవు రెండు అడుగులు, వెడల్పు రెండు అడుగులు, ఎత్తు అడుగున్నర. అడుగు ఉండాలి. పైన తాడుతో బిగించే మూత. ఆవగింజ దూరనంత కన్నం. లోపల తీగె బుట్ట నేను పెట్టుకుంటాను, సంచీ ముడుచుకుపోయి పంపుకు అంటుకోకుండా.

నువ్వు కుట్టకపోతే రోజూ పొద్దున్నే చేతులు ముంచుతాను. వానల్లోనూ, చలిలోనూ. కొలను మాత్రం ఉంటుంది. ఇది బెదిరింపు కాదు, సమాచారం.

కోపం ఉంచుకో. జాలీ పంపు.

మీ బావ


మే 4

ఎర్రసిరా బావగారికి,

ముందే చెప్తున్నాను, క్షమించి కుట్టలేదు. కోపంతోనే కుట్టాను. అందుకే కుట్లు అంత దగ్గరగా పడ్డాయి, ఏనుగుని పెట్టి లాగినా ఊడవు.

"అడుగు ఉండాలి" అని రాశారు. ఎత్తు అడుగున్నర అన్నాక మళ్లీ ఈ అడుగేమిటి, ఎక్కడ కలపాలి అని ఒక పూటంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. కాగితంతో సంచీ చేసి, ఒక అడుగు అటు పెంచి, ఇటు పెంచి చూశాను. చివరికి కాజాలావిడ, "సంచీకి అడుగమ్మా! కింద! కింద గుడ్డ లేకపోతే పిల్లలు అటునుంచి రావూ?" అంది. వాక్యానికి ఒకే అర్థం ఉండేలా చూస్తానన్నారు. వారమే నిలబడింది.

వలల దుకాణాయన నన్ను చూడగానే చుట్టని బల్ల కిందకి తోసేశాడు. ఈసారి తిరిగివ్వనని ఒట్టేస్తే తీశాడు. విషయమంతా చెప్పాను, అక్క సంగతి కూడా. ఆయన కోసేటప్పుడు ఒక మూర ఎక్కువే కోశాడు.

కుట్టు మడతలన్నీ లోపలివైపుకి తిప్పాను, దారం పీచు చేపలకి తగలకుండా. అడుగున నాలుగు జేబులు కుట్టాను, గులకరాళ్లు పోస్తే సంచీ కదలదు. రెండు సంచీలు పంపుతున్నాను. ఒకటి మాసినప్పుడు ఇంకోటి వెయ్యండి. మాసినదాన్ని బకెట్లో వేసుకుని, ఎండలో కుర్చీ వేసుకుని ఉతకండి. కొలనులో చెయ్యి పెట్టకండి. పెడితే నాకు తెలిసిపోతుంది, మీకు అబద్ధం రాయడం రాదు. అక్క చేసింది కాబట్టి మీరూ చేస్తే ఏదో తీరుతుందనుకుంటున్నారేమో. ఏమీ తీరదు. ఒకరిని ఇచ్చాం, చాలు.

మీరు నాకు రాసింది పెద్దన్నయ్యకి చెప్పలేదు. చెప్పను. ఈ కోపం నాకు ఒక్కదానికే సరిపోతుంది, ఆయనకి వాటా ఇవ్వను. ఆయన ఇప్పుడు ఇంకో ఉపాయం ఆలోచిస్తున్నాడు, పూడ్చకుండా పైన స్లాబు వేసేస్తే ఎలా ఉంటుందని. మీరూ ఆయనా తేల్చుకోండి. ఈసారి నేను ఎవరికీ ఏదీ చదివి వినిపించను.

డాక్టరు మాట రాసినందుకు... రాశారు, చదివాను.

మీ కత్తెర


మే 12

కత్తెరకు,

పార్సిలు చేరింది. సంచీ దించి నాలుగు రోజులయింది. చెయ్యి పెట్టలేదు. బట్టలు ఆరేసే కర్ర కొక్కేనికి తగిలించి దించాను, పంపుకు తాడు కట్టాను. మొదటిరోజు గులకరాళ్లు తక్కువై ఒక మూల తేలింది. సరిచేశాను. కుట్టులో లోపం లేదు.

పంపు లాగుతోంది, రాళ్ల మీద నీళ్లు పడుతున్నాయి. పిల్లలు సంచీ గోడ దాకా వచ్చి దాని మీద నాచు గిల్లుకు తిని వెళ్తున్నాయి. నిన్న ఒకటి గోడకు ఆనుకుని కదలకుండా ఉండిపోయింది. కర్ర అందుకున్నాను. ఈలోగా అదే తోక విదిల్చి పోయింది.

మీ అన్నయ్య స్లాబుకు కొలతలు తీయడానికి టేపు పట్టుకుని వచ్చాడు. కొలవనిచ్చాను. రెండో కొస నేనే పట్టుకున్నాను. రాసుకోవడం అయ్యాక చెప్పాను. "ఇక్కడ స్లాబు పడదు. పిల్లలు పెరిగితే ఈ చోటు చాలదు. గోడ వైపు ఇంకో ఆరడుగులు తవ్వించబోతున్నాను. నీ కూలీలను పంపితే వాళ్లచేత, పంపకపోతే నేనే."

"నీకు మతి పోయింది బావా" అన్నాడు.

"పోతే పోయింది. పలుగు ఉందా?"

టేపు చుట్టుకుని వెళ్లాడు. గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, కొలను ఇంకోసారి చూశాడు. ఈసారి చెప్పులు విప్పాడు. వచ్చే వారం తవ్వకం మొదలుపెడుతున్నాను.

క్షమించమని నిన్ను అడగను. నీ దగ్గరికి వచ్చి ఉండను. వచ్చి ముఖం మీదే తిట్టాలనుకుంటే పొద్దున్నే రా, అప్పుడు నీళ్లు తేటగా ఉంటాయి, తిడుతూ చూడొచ్చు.

ఈ రోజు ఆరింటికి తాడు లాగి పంపు పైకి తీశాను. మూత విప్పాను. లోపల నీళ్లు తప్ప ఏమీ లేవు. రెక్క తిప్పి చూశాను, మళ్లీ చూశాను. ఏమీ లేవు. మూత బిగించి దించేశాను. అయిదు నిమిషాల పని.

మీ అక్కకు గంట పట్టేది. మిగిలిన గంటలో ఏం చేయాలో తెలియలేదు. గట్టు మీదే కూర్చున్నాను. లేచేటప్పుడు అలవాటు కొద్దీ తువ్వాలు అందుకున్నాను. చేతులు పొడిగానే ఉన్నాయి.

మీ బావ